బ్యాంకాక్ అయితేనే

నిజామాబాద్,
12 మే 2002.

చిరంజీవి చెల్లెలు శారమ్మకు అక్క లక్ష్మవ్వ దీవించి రాయునది. ప్రభువు కృపలో మేమంతా ఉన్నాం. ఎండ మాత్రం ఎవరి కృపకూ లొంగడం లేదు. మస్కట్‌లో ఆ చల్లటి బంగళాలో నీ ఒళ్లయినా సుఖంగా ఉండాలని పొద్దునా సాయంత్రం మోకరించి అడుగుతున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. మీ పక్క బంగళా డ్రైవరు, మాక్లూరు హన్మండ్లు సెలవు అయిపోయి తిరిగి వస్తున్నాడు. మామిడికాయ తొక్కు డబ్బాతో పాటు నీ చేతికే ఇస్తాడు. అతను సెలవుకు ఇటు వచ్చేటప్పుడు నువ్విచ్చిన చీటీ అందింది. అందులో ఉన్నది ఒకటే మాట: "అక్కా, నన్ను ఇంటికి తోల్కపో." ఆ రోజు ఆఫీసులో దుబాయి పోయేవాడికి దోహా టికెట్ చేసి, మా ట్రావెల్స్ యజమాని కాశయ్య సారుతో చీవాట్లు తిన్నాను.

ఆ ఇంట్లో పనికి రెండేళ్లకని పోయినదానివి, నాలుగేళ్లయింది. పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. అడిగితే వచ్చే ఏడు అంటుంది. పిల్లల్ని ఎత్తుకోవడానికి మాత్రం నిన్ను లండన్, కైరో అంటూ వెంట తిప్పుకుంటుంది. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు లాగే ఎద్దులు కూడా బండి ఖాళీ కాగానే ఇంటిదారి పడతాయి. నీకు ఆ దారి కూడా లేకపోయిందే అని ఏడ్చాను.

ఏడ్చి లేచాక నీ మైళ్ల కార్డు గుర్తొచ్చింది. మేడం వాళ్ల కంపెనీ మనిషి ఇంట్లో అందరికీ తీసినప్పుడు నీకూ తీశాడని, విమానం ఎక్కిన ప్రతిసారీ అందులో మైళ్లు జమవుతాయని చెప్పి, క్రిస్మస్‌కు ఫోన్‌లో నంబరు రాసుకొమ్మన్నావు. అవి పోగయితే ఊరికే టికెట్ ఇస్తారు. విమానం వాళ్ల హైదరాబాదు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. నువ్వు మొదట రెండుసార్లు లండన్ పోయి వచ్చిన మైళ్లు అందులో లేనే లేవు. కార్డుకు పేరడిగితే శారమ్మ అన్నావట. పాస్‌పోర్టులో నువ్వు గంగమణివి. మన ఇళ్లలో చర్చి పేరు ఒకటి, బడి కాగితాల పేరు ఒకటి ఉంటుందని విమానం వాళ్లకేం తెలుసు? తర్వాత ఎవరో పేరు సరిచేశారు గానీ ఆ మైళ్లు గాలికి పోయాయి. నిన్ను తిట్టడం లేదు, నన్నడిగినా చర్చి పేరే చెప్పేదాన్ని. ఇప్పుడున్నవి ముప్పై వేలు.

ఈ మైళ్లకు అన్ని చోట్లా ఒకే విలువ లేదు చెల్లీ. లోకాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క నుంచి ఏ ముక్కకు ఎన్ని కావాలో వాళ్ల ఇష్టప్రకారం పట్టీ వేసుకున్నారు. లండన్ నుంచి బొంబాయికి నలభై వేలు. కైరో నుంచి ముప్పై అయిదు. బ్యాంకాక్ నుంచి ఇరవై అయిదు. అన్నిటికంటే చవక మస్కట్ నుంచి. నీ దగ్గరున్నవాటితో రెండుసార్లు రావచ్చు. అది చూసి ముందు ఎగిరి గంతేశాను, తర్వాత కూలబడ్డాను. మస్కట్‌లో అందరి పాస్‌పోర్టులూ కంపెనీ మనిషే చూపిస్తాడని, మీరు విమానం ఎక్కేదాకా వదలడని నువ్వు చెప్పిందే గదా. నీ మైళ్లకు విలువున్న చోట నీకు కాలు కదిపే వీలు లేదు. కాసేపు ఆ పట్టీని చింపి పారేయాలనిపించింది.

కానీ బయటి దేశం నుంచి తిరిగొచ్చే రోజు, కౌంటరు దగ్గర మేడం ఎవరి పాస్‌పోర్టు వాళ్లకిస్తుందన్నావు. మనకు దొరికేది ఆ కాసేపే. అది బ్యాంకాక్‌లోనే దొరకాలి.

ఈ సెలవులకు ఎటు పోవాలో మేడం ఇంకా తేల్చుకోలేదని హన్మండ్లు చెప్పాడు. ఆమె నీ మాట వినకపోయినా పిల్లలు వింటారు. రోజూ ఏనుగుల కథ చెప్పు. బ్యాంకాక్‌లో ఏనుగులు బంతాట ఆడతాయట, మా ఆఫీసు క్యాలెండర్‌లో బొమ్మ ఉంది. లండన్‌లో వాన తప్ప ఏమీ లేదని చెప్పు. పిల్లలు అన్నం మానేసి ఏనుగులని ఏడ్చారంటే సగం పని అయినట్టే.

తిరుగు ప్రయాణం తారీఖు తెలియగానే ఆఫీసుకు ఫోన్ చెయ్. వేరేవాళ్లు ఎత్తితే పెట్టెయ్. అదే రోజుకు, బ్యాంకాక్ నుంచి నేరుగా బొంబాయి వచ్చే వేరే కంపెనీ విమానంలో, గంగమణి పేరు మీదే టికెట్ చేయిస్తాను. ఈ మైళ్లు వాళ్ల దగ్గరా చెల్లుతాయి. పాస్‌పోర్టు చేతికి రాగానే పిల్లల్ని మేడంకు అప్పజెప్పి, బాత్‌రూమ్‌కని చెప్పి ఆ కౌంటరుకు పో. పరుగెత్తకు. పెట్టె పోతే పోనీ.

నీ మొగుడు సీమోను బోధన్ ఇంటి నుంచే రుద్రూరుకు చెరుకు పనికి పోతున్నాడు. మొన్న ఆఫీసుకొచ్చి నువ్వెప్పుడొస్తావని అడిగాడు, నేనేమీ చెప్పలేదు. నీ బిడ్డ రూతు నాలుగో తరగతి పాసయింది. మార్కులు నువ్వొచ్చాక నీకే చూపిస్తుందట, నాకు కూడా చూపించలేదు.

నిన్ను కళ్లారా చూసేదాకా నిద్ర పట్టని,
అక్క లక్ష్మవ్వ.

తా.క.: ఇది రాయొద్దనుకున్నాను. తెలిస్తే నీ ధైర్యం చెదురుతుందని భయం. కానీ టికెట్ అయిందని వినగానే సంతోషం పట్టలేక నీ మొగుడికి ఫోన్ చేస్తావు. చెయ్యకు. నిన్ను ఆపుతున్నది మేడం ఒక్కతే కాదు. గడువు తీరిన ప్రతిసారీ ఇంకో ఏడు ఉంచుకొమ్మని ఆమెకు చెప్పింది సీమోనే. నేను లేని రోజు చూసి, మా ఆఫీసు ఫోన్ నుంచే ఉర్దూలో మాట్లాడాడు. కాశయ్య సారు ఇన్నాళ్లూ దాచి, మొన్న నోరు విప్పాడు. ఫోన్ పెట్టేశాక సీమోను ఆయనతో అన్నాడట, "ఇంటికి స్లాబు పడేదాక రానియ్య సారూ. ఒకసారి వచ్చిందంటె మల్ల పోదు."

సెలవులని చెప్పి రూతును నా దగ్గరికి తెచ్చుకున్నాను. బొంబాయిలో బయట నీకోసం మేమిద్దరమే నిలబడి ఉంటాం. అక్కడి నుంచి ఎటు పోతామో నాకింకా తెలియదు. బోధన్‌కు మాత్రం కాదు.