గొంతు మార్చి చెప్పిన మాట

చిక్కడపల్లి,
9 డిసెంబరు 2012.

చి. సంయుక్తకు నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా, నానమ్మా, నేనూ బాగున్నాం. నువ్వు హాస్టల్లో వేళకు తింటున్నావని రాయబోయి ఆగాను. తినడం లేదని నువ్వే రాశావు కదా.

నువ్వడిగినవాటికి జవాబులు. నీ నల్ల స్వెటర్ బీరువా వెనక దొరికింది. హన్మకొండ వచ్చేవాళ్ళెవరితోనైనా పంపిస్తాం. నానమ్మ మోకాలు తగ్గింది. నారాయణగూడ మార్కెట్ దాకా నడిచి, వంకాయల దగ్గర గొడవపడి మరీ వస్తోంది. నా జ్వరం కూడా తగ్గింది. ఆ జ్వరం సంగతి రాయాలనే కూర్చుని, స్వెటర్ చుట్టూ తిరుగుతున్నాను.

అమ్మకు నువ్వు రాసిన ఉత్తరాన్ని అమ్మ నా ముందు పెట్టింది. "దీనికి జవాబు మీరే రాయాలె" అంది. ఆ రోజు నీకు నెలసరి వచ్చిందనీ, ఎవరికీ చెప్పకుండా పడిపూజకు వచ్చి నా కాళ్ళు మొక్కావనీ, ఆ మైల వల్లే నాకు జబ్బు చేసి అయ్యప్ప మాల మధ్యలో తీసేయాల్సి వచ్చిందనీ రాశావు. తల్లీ, నీ వల్ల ఏమీ కాలేదు. ఈ మాట అన్నిటికంటే ముందు రాయాల్సింది.

నేను తాగుతానని నీకు తెలుసు. ఎంత తాగేవాడినో అమ్మకు కూడా తెలియదు. మాల వేసుకుంటే మానేస్తానని, ఏ డాక్టర్నీ అడక్కుండా మాల వేసుకున్న పొద్దున్నే ఆపేశాను. మర్నాటికి చేతులు వణకడం మొదలైంది. నిద్ర పట్టలేదు. గోడ మీద చీమలు పాకుతున్నట్టు కనిపించేవి, దగ్గరికెళితే ఉండేవి కావు. ఆ స్థితిలోనే అశోక్‌నగర్ కిషన్ రావు గారింట్లో పడిపూజకు వెళ్ళాను. భజన ఊపందుకునేసరికి ఒళ్ళంతా ఊగిపోయింది. "స్వామి వచ్చిండు!" అన్నారెవరో. గురుస్వామి పీరయ్య గారు హారతి పట్టారు. పెద్దవాళ్ళు కూడా వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు.

మర్నాడు నువ్వు బస్సెక్కాక ఇంట్లో ఫిట్స్ వచ్చి పడిపోయాను. నీకు మాత్రం ఒట్టి జ్వరమని చెప్పాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మను కూర్చోబెట్టి చెప్పింది. మెదడులో జోకొట్టే రసాయనం ఒకటి, లేపి కూర్చోబెట్టేది ఒకటి ఉంటాయట. నువ్వు సైన్సు చదువుతున్నావని పేర్లు అడిగి తెలుసుకున్నాను: గాబా, గ్లూటమేట్. ఏళ్ళ తరబడి జోకొట్టే పని నేను తాగే మందే చేస్తుంటే, మెదడు ఆ జోలకు మొద్దుబారి, లేపేదాన్ని పెంచుకుందట. మందు ఒక్కసారిగా ఆగేసరికి జోకొట్టేవాళ్ళు లేరు, కేకలేసేవాళ్ళు మిగిలారు. "గట్ల సడన్‌గా ఆపితే ప్రాణమే పోవచ్చు. మా దగ్గరికొస్తే మాత్రలిచ్చి మెల్లగా మాన్పిస్తుంటిమి" అంది.

ఆ సాయంత్రమే పీరయ్య గారు చూడటానికి వచ్చారు. "ఏదో మైల తాకినట్టుంది. ఇంట్ల ఎవరన్న చూసుకోలేదా?" అన్నారు. అప్పటికి నాకు అంతా తెలుసు. అయినా నోరు మెదపలేదు. నానమ్మ ఆ మాటను ఫోన్‌లో నీకు చేరవేసింది. నా సిగ్గు దాచుకోవడానికి నీ మీద తప్పు పడనిచ్చాను.

ఇంకొకటి ఉంది. పడిపూజలో నాకు ఒళ్ళు తెలియలేదని అందరూ అనుకున్నారు. తెలుసు. నువ్వు కాళ్ళు మొక్కి లేచి, నా చెవి దగ్గర "స్వామీ, మా నాన్న మల్ల తాగడు కదా?" అని అడిగావు. అది నా గొంతని నువ్వు పోల్చుకోకూడదని గొంతు మార్చి, "తాగడు బిడ్డా" అన్నాను. నువ్వు ఏడ్చేశావు. నేను కళ్ళు మూసుకుని దేవుడిలాగే కూర్చున్నాను.

నిన్న అమ్మను వెంటబెట్టుకుని పీరయ్య గారింటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తరవాత "ముందే చెప్తే ఏమైతుండె ఉమాకాంత్? నేనే దవాఖానకు తోల్కపోతుంటి కదా" అన్నారు. నానమ్మకు కూడా చెప్పాను. నీకు ఫోన్ చేయడానికి ఆమెకు మొహం చెల్లడం లేదు.

మెదడు కుదుటపడటానికి నెలలు పడుతుందట. మధ్యలో కోరిక గుంజుతుందట. మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు అన్నం తిను. వచ్చే ఆదివారం ఇంటికొచ్చి ఆ ప్రశ్న మళ్ళీ అడుగు. ఈసారి నన్నే అడుగు. స్వామి చెప్పినంత ధీమాగా చెప్పలేను. ఇవాళ తాగలేదని మాత్రం నా గొంతుతోనే చెబుతాను.

ఇట్లు,
నీ నాన్న
ఉమాకాంత్