అమ్మ చెప్పినట్టే రాయండి

రంగూన్,
12 ఆగస్టు 1938

అయిజ సంఘ కాపరి అయ్యగారికి వందనాలు.

రాయడం రాని అమ్మ తరఫున మీరు రాసిన ఉత్తరం అందింది. “నీ సేవను దేవుడు దీవించును గాక” అని అమ్మ చెప్పినట్టు రాశారు. ఇది మూడో ఉత్తరం. మూడింటిలోనూ అదే మాట.

ఇక్కడ బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీల పిల్లలకు చదువు చెబుతున్నాను. నిన్న వాళ్ల చేత సొంత ఊళ్లలో ఉన్న అవ్వలకు ఉత్తరాలు రాయించాను. ఒక పిల్ల “నువ్వు లేక అన్నం సయించడం లేదు” అని రాస్తే, అది కొట్టేసి “మేము క్షేమము” అని దిద్దాను. తర్వాత మీ మూడు ఉత్తరాలూ తీసి మళ్లీ చదివాను.

నేను బయల్దేరిన రోజు అమ్మ “ఈడ పిల్లలు లేరా? సదువు చెప్పనీకి సముద్రం దాటాల్నా?” అని లోపలికి పోయింది. బండి కదిలినా బయటికి రాలేదు. ఆ మనిషి దీవిస్తోందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

కోరి వచ్చినవాణ్ణి, ఇక్కడ ఎవరితోనూ చెప్పుకోలేను. అమ్మ తిట్టినా మార్చకుండా అలాగే రాయండి. ఏమీ చెప్పనంటే, ఖాళీ కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించి పంపండి. నేను చదువుకుంటాను.

మీ బడిలో అక్షరాలు దిద్దినవాడు