ఆరు హాస్టళ్ల వాగు

జూలై 8

నర్సింహమ్మ అడిగిన మాట రోజంతా చెవిలో తిరుగుతోంది. ఆమె మా హాస్టల్ వాచ్‌మన్ తిమ్మప్ప భార్య. మక్తల్ నుంచి వచ్చారు. వెనక గోడ అవతల, నాలా గట్టున వాళ్ల రేకుల గది. కరెంటు మీటర్ లేదు. సాయంత్రం మాకు అమ్మే జొన్నరొట్టెలు ఫోన్ టార్చ్ వెలుతురులో చేస్తుంది. తిమ్మప్ప ఆ ఫోన్ తీసుకుని డ్యూటీకి వెళ్తే చీకట్లోనే. నువ్వు కరెంటు సదివినవంట గద బిడ్డా, మా ఇంట్ల ఒక బుగ్గ ఎలిగిస్తవా అంది.

బీటెక్ ట్రిపుల్ఈ చదివాను. మూడేళ్లుగా అశోక్‌నగర్‌లో కోచింగ్, కరెంటు శాఖలో ఏఈ పోస్టుకు ప్రిపరేషన్. హైడ్రో పవర్ మీద రెండు వందల బిట్లు నోటికి వచ్చు. నా చేత్తో ఒక్క బల్బు వెలిగించింది లేదు. ఇదే ఆఖరుసారి, ఉద్యోగం రాకపోతే జోగిపేట వచ్చెయ్యి అని నాన్న మొన్ననే చెప్పాడు. వెళ్లేలోపు ఒక్కటైనా వెలిగించాలి.

జూలై 9, ఉదయం 7

గోడ మీద నుంచి వంగి చూశాను. మా సందులోని ఆరు లేడీస్ హాస్టళ్ల స్నానాల నీళ్లు ఒకే పైపులోంచి ఆరడుగుల కిందికి, నాలాలోకి దూకుతున్నాయి. తెల్లటి నురగ. షాంపూ వాసన. కళ్లు సగం మూస్తే అడవిలో వాగే. అవి అంబర్‌పేట్ దాటి మూసీలో కలుస్తాయి. మా అందరి నిద్రమత్తూ వాటితోపాటే పోతుందనిపించింది. కాసేపు అక్కడే ఉండిపోయాను, క్లాస్ పోయింది.

తర్వాత కింద బకెట్ పెట్టి కొలిచాను. పది సెకన్లకు నిండింది. లెక్క వేశాను. ఒక బుగ్గకు బోలెడు.

జూలై 13

నారాయణగూడ సైకిల్ షాపు ఎల్లేష్ అన్న దగ్గర పాత రిమ్ము, డైనమో దొరికాయి. ఇప్పుడు ఇవెవరు వాడుతరక్కా అని ఊరికే ఇచ్చేశాడు. రూమ్మేట్ రమ్య, ఖాళీ చేసి పోయినవాళ్లు బాత్రూముల్లో వదిలేసిన మగ్గులు పన్నెండు ఏరుకొచ్చింది. వాటి మీద మార్కర్‌తో రాసిన పేర్లు ఇంకా ఉన్నాయి. భాగ్యశ్రీ, రూమ్ 12. ప్రేమ, రూమ్ 4. వాళ్లకు ఉద్యోగాలు వచ్చాయో లేదో. రిమ్ము చుట్టూ అందరినీ వరసగా కట్టేశాను. ఇక ఈ చక్రాన్ని పైపు నీళ్ల కింద నిలబెట్టాలి.

జూలై 16, ఉదయం 6.30

తిరిగింది.

జూలై 16, సాయంత్రం

నర్సింహమ్మ బుగ్గకు బొట్టు పెట్టింది. ఏడింటికి స్విచ్ వేశాను. ఏమీ లేదు. వైర్లన్నీ విప్పి మళ్లీ కట్టాను. బయటికొచ్చి చూస్తే చక్రం కదలడం లేదు, పైపులోంచి బొట్టుబొట్టుగా కారుతోంది. నర్సింహమ్మ, నన్ను బాధపెట్టకుండా చెప్పాలని కాబోలు, మెల్లగా అంది. మీరు తానాలు చేస్తెనే గద నీళ్లు, పొద్దుగూకినంక ఎవరు చేస్తరు బిడ్డా.

బిట్ బ్యాంకులో వాగు ఎప్పుడూ ఒకేలా పారుతుంది. అది ఎన్ని గంటలకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. రూముకొచ్చి ఏడ్చాను.

జూలై 20

కోఠి వెళ్లి, కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడ్లు నాలుగు, చిన్న బ్యాటరీ తెచ్చాను. పొద్దుటి నీళ్లను సాయంత్రానికి దాచాలి, అంతే. డయోడ్లు ఒకసారి తిరగేసి పెట్టాను. రెండోసారి సరిగ్గా పెట్టాను.

వెలిగింది. నర్సింహమ్మ బుగ్గ వైపు చూడలేదు. తన చేతులు చూసుకుంది. ఇన్ని కాలిన మచ్చలున్నయా అని అడిగింది, నన్నే.

ఆగస్టు 5

తలస్నానాల రోజు బుగ్గ ఒక గంట ఎక్కువ వెలుగుతోంది. రమ్య ఇప్పుడు బాత్రూంలోంచి రావడమే లేదు. ఏందని అరిస్తే, దేశసేవ చేస్తున్న ఆగు అంటోంది.

ఆగస్టు 24

ఎగ్జామ్ అయింది. హైడ్రో మీద మూడు బిట్లు. ఒకదానికి, ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆలోచిస్తూ టైం పోగొట్టుకున్నాను.

ఆగస్టు 27

సందు నిండా ట్రాలీ బ్యాగుల చప్పుడు. రమ్య కూడా వెళ్లిపోయింది. చక్రం ఆగి ఆగి తిరుగుతోంది. రొట్టెలు సగంలో ఉండగానే బుగ్గ ఆరిపోతోందట.

ఆగస్టు 31

ఆన్సర్ కీ వచ్చింది. నాకు ఉద్యోగం రాదు. నాన్నకు చెప్పాను. సరే రా అన్నాడు.

పొద్దున్నే ఆఖరుసారి స్నానం చేశాను. నాలుగు బకెట్లు. ఐదోది ఊరికే పారబోశాను. గోడ అవతల చక్రం చప్పుడు ఆగేదాకా విని, బ్యాగు తీసుకున్నాను. బకెట్ అక్కడే వదిలేశాను.

నవంబర్ 3, జోగిపేట, ఉదయం 8

నర్సింహమ్మ ఫోన్. నాల్గు దినాల సంది పొద్దుగాల్ల నీళ్లు ఆగుతలేవట. బుగ్గ మస్తు ఎలుగుతుంది బిడ్డా, మీ ఉద్యోగాల నోటిఫికేషన్ ఏమన్న వచ్చిందా అని అడిగింది.

నేను ఇంకా పేపర్ చూడనే లేదు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాన్న విన్నాడు. పది గంటలకు పట్నం బస్సుంది అన్నాడు.