చూసినవాడికీ వాటా

మంగళవారం, రాత్రి

మేం ఒడ్డున నిలబడి తాళ్లతో అలివి వల లాగుతుంటే మా తమ్ముడి భార్య పోలమ్మ ఫోనులో తీసి వీడియోలు పెడుతోంది. ఎక్కువగా చూసేది అమెరికావాళ్లట. అందుకని ఆ వీడియోల కంపెనీ అక్కడి పన్ను పట్టుకునే డబ్బు పంపింది. సాయంత్రం వల లాగేవాళ్లూ వాటా అడిగారు.

"తాడు పట్టినోడికల్లా వాటా ఉండాది కదమ్మా. నీ వీడియోలో లాగింది మేమే గదా" అన్నాడు మస్తానయ్య.

"చూసినోళ్లు ఆడ కోసుకున్నారు, లాగినోళ్లు ఈడ కోసుకుంటారు. నాకు తోకన్నా మిగులుతాదా, బావా?" అంది పోలమ్మ.

చేపలు పంచేది నేనే కాబట్టి అందరూ నా వైపు చూశారు. రేపు చెబుతానన్నాను.

గట్టున నిలబడి చూసినవాడికి మా రేవులో ఎన్నడూ వాటా లేదు. కానీ ఈ డబ్బు చూడబట్టే వచ్చింది. కంపెనీ ఉన్న దేశం పన్ను తీసుకోవాలా, చూసేవాళ్ల దేశమా అన్నది పెద్ద పెద్ద దేశాలే ఏళ్లుగా తేల్చుకోలేకున్నాయని టీవీలో చెప్పారు. నేను తెల్లారేలోగా తేల్చాలి.

ఇప్పించకపోతే తాడు పట్టేందుకు ఎవరూ రారు. ఇప్పిస్తే పోలమ్మ తీయడం మానేస్తుంది. వీడియో డబ్బులో లాగేవాళ్లకు వాటా ఉందంటే, తాడు పట్టకపోయినా చేపల్లో ఆమెకూ ఉండాలి. ఆ మాట మస్తానయ్యతో ఎలా అనాలో తెలియడం లేదు...