చివరి మడికి నీళ్లు

ఆదివారం రాత్రి, చొప్పదండి

పొద్దున బాపు అడిగితే నా పరిశోధన గురించి చెప్పాను. వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని కార్బన్ గొట్టాల్లో గోడల ఎలక్ట్రాన్లు నీటిని వెనక్కి లాగుతాయి, అది క్వాంటం రాపిడి. గొట్టం ఇంకా సన్నబడితే ఆ రాపిడి తగ్గి నీళ్లు జారిపోతాయి అన్నాను.

"అయితే కాలువ చివరున్న మన మడికి గూడ నీళ్లొస్తయా బిడ్డా?"

ఆ ముఖం చూసి "వస్తయ్ బాపూ" అనేశాను.

సాయంత్రం పక్క పొలం మల్లయ్య కాక వచ్చాడు. "మీ బాపు చెప్పిండు. బోరు ఏపిద్దామనుకున్న, ఇగ వద్దని చెప్పిన. జర మాకు గూడ గా గొట్టం పెట్టియ్యి." పక్కన బాపు గర్వంగా నిలబడ్డాడు.

ఆ గొట్టంలో ఏళ్లపాటు నీళ్లు పారినా ఒక్క చుక్క కూడా పోగవదు. పొద్దున్నే ఈ నిజం చెప్పి ఉంటే బాపు నవ్వి ఊరుకునేవాడు. రేపు చెప్తే కాక దగ్గర అబద్ధమాడినవాడు బాపే అవుతాడు...