అక్కాతమ్ముళ్ల మధ్య వంటగది

ఫోటోలకు ఫ్రేములు కట్టి బతికినదాన్ని, ఒకరికి భార్యను, ఒకరికి మరదలిని, ఒకరికి తల్లిని అయిన నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. నా తెలివి సరిగ్గానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఓపిక కూడా సరిగ్గా ఉందని ఆయన రాయలేదు, నేనూ అడగలేదు. గుండె ఆపరేషన్ బాగానే జరిగిందనీ ఇప్పట్లో ఢోకా లేదనీ అన్నాడు. ఢోకా లేనప్పుడే ఇలాంటివి రాసిపెట్టుకోవాలి.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఎందుకు రద్దు చేస్తున్నానో చివరి అంశంలో ఉంది. మా ఆయనకు తొందరెక్కువ, నేరుగా అక్కడికే వెళ్లిపోతారు. వెళ్లొద్దు. వరసగా చదవండి.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా పక్క దుకాణంలో బట్టలు కుట్టే నా స్నేహితురాలికి అప్పగిస్తున్నాను. మా రెండు దుకాణాలకూ మధ్య ఉన్నది సగం గోడే. ఆ గోడ మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుని ఇన్నేళ్లూ కలిసి తిన్నాం. "నువ్వు మోస్తున్నావు కాబట్టే వాళ్లు మోయిస్తున్నారు. ఒక్కరోజు కిందకి దించి చూడవే" అని రోజూ అనేది. ఒకసారి ఆ మాటకే ఒళ్లు మండి నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలంతా గోడ మీద నా టీ గ్లాసు మాత్రం వేళకు వచ్చింది. ఆమె అన్నది నిజమే. అయితే పూటకోసారి అనక్కర్లేదు.

ఆమె బట్ట కోసే కత్తెరతో నేను అట్ట కోశానని జరిగిన గొడవ వీధి వీధంతా విన్నది. కొత్త కత్తెర ఒకటి కొని నా అల్మారా పై అరలో పెట్టాను. అది ఆమెది. నా మడత కుర్చీ కూడా ఆమెదే. ఎలాగూ నేను లేచిన ప్రతిసారీ అందులో కూర్చునేది.

2. నా దుకాణం, అందులోని గాజు, చెక్క బద్దలు, మూలలు కోసే మెషీను, సర్వహక్కులతో మా అమ్మాయికి చెందుతాయి. అది బస్సు నడుపుతుంది కాబట్టి ఫ్రేములు కట్టమని నేనడగను. అద్దెకిచ్చుకోవచ్చు. ఒక్కటే షరతు. కట్టించుకుని తీసుకెళ్లని ఫోటోలు వెనక గోడకు ఆనించి ఉన్నాయి, వాటిని పారేయకూడదు. అందులో ఒక పెళ్లి ఫోటో ఉంది. ఆవిడ వచ్చి ఆయనకివ్వొద్దంది, ఆయన వచ్చి ఆవిడకివ్వొద్దన్నాడు. ఇద్దరికీ సరేనన్నాను. అప్పటినుంచీ అది గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇద్దరూ కలిసి వస్తే ఇచ్చెయ్యి.

అమ్మాయికి ఇంకో మాట. పెళ్లయిన కొత్తలో ఫోన్ చేసి, "అత్తయ్య ఆయన మీద నాకు చెబుతోంది, ఆయన అత్తయ్య మీద నాకు చెబుతున్నాడు, నేనేం చెయ్యనమ్మా?" అని ఏడ్చావు. "చెవిటిదానిలా ఉండు, వాళ్లే మాట్లాడుకుంటారు" అన్నాను. నువ్వు విన్నావు. నాకెవరూ ఆ ముక్క చెప్పలేదు.

3. మా అత్తగారు పోయే ముందు ఈ ఇంటిని మూడు వాటాలు చేసి రాశారు. వీధి వైపు గది కొడుక్కి, మేడ మీది గది కూతురికి, మధ్యలో ఉన్న హాలూ వంటగదీ నాకు. "మధ్యది నీకే అమ్మాయ్" అన్నప్పుడు నా మీద ప్రేమనుకున్నాను. ప్రేమే. కానీ అది ఉద్యోగం కూడానని తర్వాత అర్థమైంది.

4. ఈ అంశంలో ఆస్తేమీ లేదు. ఇది నా వాంగ్మూలం.

మా వదిన, అంటే మా ఆయన అక్క, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్లో సగంమందికి లైను కలిపిన మనిషి. మా ఆయన లిఫ్టులు బాగుచేసేవారు. ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా తలుపు తెరిచి బయటకు తెచ్చేవారు. ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, పన్నెండేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

అత్తగారు పోయిన రోజు ఆమెకు ఊపిరి అందక కూతుర్ని పిలవమన్నారు. వదిన డ్యూటీలో ఉంది. ఇంట్లో ఫోన్ పనిచేయడం లేదు. మా ఆయన వీధి చివర ఫోన్ బూత్‌కి పరిగెత్తారు. తిరిగొచ్చి "లైను దొరకలేదు" అన్నారు. అప్పటికే అంతా అయిపోయింది. డ్యూటీ దిగి వచ్చిన వదిన ఆ మాట విని, "నేను కూర్చున్న బల్ల మీద లైను దొరక్కపోవడమేంట్రా? నువ్వసలు చెయ్యలేదు" అంది. "చేశాను. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్" అన్నారాయన. ఈ ఇంట్లో అక్కా తమ్ముడూ అన్న పిలుపులు ఆ రోజుతో ఆగిపోయాయి. ఆమెకు ఆయన "మీ ఆయన" అయ్యారు. ఆయనకు ఆమె "మీ వదిన" అయింది.

నన్ను సాక్ష్యం చెప్పమని ఇద్దరూ వేర్వేరుగా ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ప్రమాణం చేసి రాస్తున్నాను: ఆయన ఫోన్ చేశారో లేదో నాకు తెలియదు. నేను గుమ్మం దాటలేదు. అత్తగారి చెయ్యి నా చేతిలో ఉంది. నాకు తెలిసింది ఒకటే. ఆయన తిరిగొచ్చినప్పుడు ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకు ఈనాటికీ తెలియదు. ఇది వదిన చదవాలి. అలాగే, ఇంట్లో ఫోన్ మోగితే రెండో మోత మోగనివ్వకుండా వదిన మెట్లు దిగొచ్చి ఎత్తుతుంది, మోకాళ్లు నొప్పులైనా సరే. అది ఎందుకో ఆయన ఆలోచించాలి.

5. వదినకు: పొద్దున బాత్రూములో మొదటి వంతు. ఇన్నేళ్లూ దుకాణం వేళ అని చెప్పి నేను దాన్ని వదల్లేదు, ఆమె ఊరుకోనూ లేదు. ఇక అది ఆమెదే, ఎవరూ తలుపు కొట్టకూడదు. నా ఊదారంగు శాలువా కూడా ఆమెకే. "నీకంటే నాకే బాగుంటుంది" అని కొన్ననాడే అంది. బాగుంటుంది.

6. మా ఆయనకు: మంచంలో కిటికీ వైపు సగం. ఎప్పుడు ఏ లిఫ్టు ఆగిపోతుందో, ఎప్పుడు పిలుపొస్తుందో అని సంసారమంతా తలుపు వైపే పడుకున్నారు. రిటైరయ్యాక కూడా అలవాటు పోలేదు. ఇప్పుడెవరూ ఇరుక్కోలేదు, ఇటు జరగండి. ఆయన గురక మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఉపసంహరించుకుంటున్నాను. ఆస్పత్రిలో ఆ చప్పుడు లేక నాకు నిద్ర పట్టలేదు.

7. హాలూ వంటగదీ ఉన్న నా వాటా, మా కుక్క బొగ్గు.

పాత వీలునామాలో ఏం రాశానంటే, నా తదనంతరం వంటగదికి నడిమధ్యన గోడ కట్టి, చెరో సగం, చెరో పొయ్యి, చెరో తలుపు పెట్టాలని. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. కోపంతో రాయలేదు, అలసిపోయి రాశాను. "మీ ఆయన్ని కరెంటు బిల్లు కట్టాడేమో అడుగు." "కట్టానని మీ వదినతో చెప్పు." "ఎప్పుడు కట్టాడో అడుగు." ముగ్గురం ఒకే గదిలో కూర్చుని ఉండగానే ఇది జరిగేది. వాళ్లు అన్న మాటను అన్నట్టు చెబితే ఇల్లు తగలబడేది. అందుకని ములుకులన్నీ ఏరేసి చెప్పేదాన్ని. "బుద్ధుందా అని అడుగు" అంటే "కాస్త చూసుకోమంటున్నారు" అనేదాన్ని. నేను పోయాక ఆ పని ఎవరూ చెయ్యరు కాబట్టి గోడే చేస్తుందనుకున్నాను.

బొగ్గు ఒక వానరోజు దుకాణంలోకి దూరి గాజు పలకల కింద పడుకున్న నల్లకుక్క. ఇంట్లోకి రానివ్వనని వదిన, రావాల్సిందేనని ఆయన. ఆ యుద్ధం కూడా నా మీదుగానే నడిచింది.

నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో వాళ్లిద్దరే. ఎలా గడిపారో ఇంటికొచ్చాక తెలిసింది. నా మంచం హాల్లో వేశారు. పడుకుని వింటున్నాను. వంటగదిలోంచి వదిన, "బొగ్గూ, గ్యాసువాడు రేపొస్తాడట, ఇంట్లో ఉండమని చెప్పు" అంది. వీధి గదిలోంచి ఆయన, "ఉంటాలే అని చెప్పవే బొగ్గూ" అన్నారు. అది ఆమె వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి తోక ఊపింది. అంతే, పని అయిపోయింది. పన్నెండేళ్లు నాలుక అరగదీసుకుని నేను చేసినదాన్ని అది తోకతో చేసేస్తోంది. నవ్వొచ్చింది, కుట్లు లాగాయి. నిజం చెప్పాలంటే కాస్త ఈర్ష్య కూడా కలిగింది.

ఆ తర్వాతి వారం ఒక మధ్యాహ్నం బొగ్గు నా మంచం పక్కన పడుకుని ఉంది. వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఉన్నట్టుండి అక్కణ్నుంచే అరిచింది:

"ఒరేయ్, పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడు!"

ఆయన పరిగెత్తిన చప్పుడు. పొయ్యి కట్టేసిన చప్పుడు.

"కట్టేశానక్కా."

గిన్నె మీద మూత ఆడుతున్న చప్పుడు ఆగిపోయింది. బొగ్గు తనను పిలిచారేమోనని లేవబోయింది. దాని మెడపట్టీ గట్టిగా పట్టుకున్నాను. కదలనివ్వలేదు. నా బలం ఎంతో అప్పుడే తెలిసింది. పెరటి గుమ్మం దగ్గర అడుగులు ఆగాయి.

"చెయ్యి కాలిందా?" అంది వదిన.

"లేదు. కొంచెం ఒలికాయి."

"పోతే పోయాయిలే. జరుగు, నేను తుడుస్తా."

కాబట్టి గోడ వద్దు. నా వాటా వాళ్లిద్దరికీ ఉమ్మడిగా చెందాలి. ఇద్దరూ బతికున్నంతకాలం దాన్ని పంచకూడదు, అమ్మకూడదు, మధ్యలో తెర కూడా కట్టకూడదు. తర్వాత మా అమ్మాయిది. బొగ్గు కూడా ఉమ్మడి ఆస్తే. దాన్ని ఇక మాటలు మోయమని అడగొద్దు, తిండి పెట్టండి చాలు.

నేను విన్నట్టు వాళ్లకు తెలియదు. నా ముందు ఇప్పటికీ సిగ్గుపడి కుక్కతోనే చెబుతున్నారు. నేను కళ్లు మూసుకుంటే మాత్రం నెమ్మదిగా మొదలుపెడతారు. పాలు, మందులు, మేడ మీద కారే కొళాయి, ఒకరోజు వాళ్లమ్మ సంగతి కూడా. అందుకని ఈమధ్య పగలు కళ్లు మూసుకునే ఉంటున్నాను. ఇలా అస్తమానం నిద్రపోతోందేమిటని భయపడి ఇవాళ డాక్టర్ని అడగడానికి వెళ్లారు. ఇద్దరూ ఒకే రిక్షాలో వెళ్లారు.

ఇది మార్చి నెల పద్నాలుగో తేదీన, వాళ్లు తిరిగొచ్చేలోపు, ఎవరూ పక్కన లేనప్పుడు రాసి, పదిహేనో తేదీన సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం)
ఫ్రేముల దుకాణం అక్క

సాక్షులు:
1. ఎదురింటి నర్సు
2. తాళాలు బాగుచేసే పెద్దాయన

(సాక్షులకు ఇందులో ఏ వాటా లేదు. టీ తాగి వెళ్లారు.)