కోదాడ నుంచి వచ్చిన క్రీము

సూర్యాపేట, ఆదివారం

"మా తమ్మునికి నీ చెల్లెనే చేసుకుంటం" అని నా వయసు రోజుల్లో మిర్యాలగూడ బస్టాండులో నా చేయి పట్టుకుని మాట ఇచ్చిన సాంబయ్య, నెల తిరక్కుండానే ఆమె రంగు తక్కువని తప్పుకున్నాడు. ఇవాళ అది మళ్లీ గుర్తొచ్చింది.

మనవరాలు సంధ్యకు కాబోయే అత్తగారు కోదాడ నుంచి ముఖానికి రాసుకునే క్రీము పంపింది. పుట్టగొడుగు ఎంత తెల్లగా ఉన్నా కిందికి తిప్పి చూడకుండా కోయొద్దని మా అమ్మ చెప్పేది. ట్యూబునూ అలాగే తిప్పి చూశాను. కోజిక్ యాసిడ్ అని రాసి ఉంది. పుట్టగొడుగు జాతికే చెందిన బూజు నుంచి తీస్తారు, చర్మం నలుపు తగ్గించడానికి వాడతారు.

"మచ్చలకు పంపింది తాతా. నీకన్నీ అనుమానాలే!"

"నీ మొఖం మీద మచ్చ ఏడున్నది బిడ్డా? సూపియ్యి."

నవ్వుతూనే అద్దం దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ నవ్వు లేదు.

ఆ అత్తగారు మంచిదే కావచ్చు. కానీ సాంబయ్య తప్పుకున్నాక మా చెల్లెలు కన్నుమూసేదాకా ముఖం మీదికి కొంగు లాక్కోకుండా గడప దాటలేదు...

ట్యూబు నా దిండు కింద దాచాను. సంధ్యను అద్దం ముందు నిలబెట్టింది నేను కాదు, ఆనాటి సాంబయ్యే.